పది అడుగులు

"లేవను. ఏం చేసుకుంటావో చేసుకో," అన్నాడు పెద్దాయన, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని.

"లేపకుండా నేనూ వదలను," అంది కూతురు, మెడలో విజిల్ సర్దుకుంటూ.

ఆయన ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్. నాలుగు నెలల క్రితం బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆమె బడిపిల్లలకు పరుగు నేర్పే కోచ్. ఆ పరుగు దగ్గరే ఇద్దరికీ చెడింది. "ఆడపిల్లకి మైదానమేంటి? గడప దాటితే మళ్లీ ఈ ఇంటికి రాకు," అన్నాడాయన. ఆమె దాటింది. ఏడేళ్లు రాలేదు.

ఆస్పత్రి నుంచి ఫోనొస్తే వచ్చింది. వచ్చిన రోజే తేల్చి చెప్పింది.

"నీ కాళ్ల మీద నువ్వు నిలబడేదాకానే. ఆ మర్నాటి నుంచి నీ దారి నీది, నా దారి నాది."

"నిన్ను రమ్మని ఎవరు బతిమాలారు?" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం యుద్ధమే. కుర్చీ నుంచి గుమ్మం దాకా నేల మీద సుద్దముక్కతో పది గీతలు గీసింది. అడుగుకో గీత. ఆయన మొదటిది కూడా దాటలేదు. బుజ్జగించింది. నడిస్తే కొత్త రేడియో కొనిస్తానంది.

"పాతది బాగానే పాడుతోంది."

పక్కింటి ముసలాయన మూడు వారాల్లో నడిచాడని ఉడికించింది.

"అయితే వెళ్లి ఆయన దగ్గరే విజిల్ ఊదు."

ఇవాళ ఆమె కింద కూలబడింది.

"ఎముక ఎప్పుడో అతుక్కుంది, ఇక మనసుండాలంతే అన్నాడు డాక్టరు. మా బడిలో ఎంత మొండిఘటానికైనా ఏదో ఒకటి కావాలనుంటుంది నాన్నా. అదేంటో కనిపెడితే చాలు, నేను పరిగెత్తించగలను. నీకేం కావాలి?"

ఆయన గోడకేసి తిరిగాడు. "నాకేమీ అక్కర్లేదు."

"నీకెంత మొండితనముందో నాకు దానికి రెట్టింపుంది. రేపూ వస్తాను. ఎల్లుండీ వస్తాను. నువ్వు లేచేదాకా వస్తూనే ఉంటాను."

"రా. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం."

ఆమె విసురుగా తలుపు లాగి వెళ్లిపోయింది. బయట స్కూటర్ స్టార్టయింది.

వీధి మలుపు తిరిగేలోపు కూతుర్ని ఇంకొక్కసారి చూసుకోవాలని, పెద్దాయన రోజూలాగే కుర్చీలోంచి చటుక్కున లేచి గబగబా డాబా మెట్లెక్కాడు.