అచ్చు గుద్దినట్టు

“దొరికింది!” డాక్టరు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. “మీ ఆయనకి కిడ్నీ దొరికిందమ్మా!”

ఆమె చేతిలోని ఫైలు జారిపోయింది. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు భర్తని అద్దాల గదిలోని డయాలసిస్ యంత్రానికి అప్పగించి, బయట బల్ల మీద కూర్చుంటున్న మనిషి. తన కిడ్నీ పడదన్నారు. మరిదిని మాత్రం అడగొద్దని భర్త ఒట్టు వేయించుకున్నాడు.

“ఎవరిస్తున్నారు సార్?”

“పక్కనే ఉన్నాడుగా, మీ మరిది!” డాక్టరు కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. “ఇప్పుడు ఆసుపత్రుల రికార్డులన్నీ కలిపేశారు. నాలుగేళ్ల క్రితం ఈయన తన ఆఫీసు శిబిరంలో ఎముక మజ్జ దాతగా పేరు రాయించుకుని రక్తం ఇచ్చాడు. కిడ్నీకీ చూసేది ఆ పరీక్షే. ఆ ఫలితం ఇదిగో. మీ ఆయనది ఇదిగో. ఒక్క గడి తేడా లేదు! ముఖాలే అనుకున్నాను, అన్నదమ్ములు లోపల కూడా అచ్చు గుద్దినట్టున్నారు.”

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“చెప్పనే లేదేమయ్యా! సూదంటే మంచం కింద దూరేవాడివట, అంత ధైర్యం ఎలా వచ్చింది?”

“అన్నయ్యే బండి మీద తీసుకెళ్లాడు” అన్నాడు మరిది. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“మిగతా పరీక్షలు కాగానే ఆపరేషన్. మనుషులు మరిచిపోతారు గానీ రికార్డు మరిచిపోదు” అన్నాడు డాక్టరు హుషారుగా.

ఆమె అప్పటికే ఫోనందుకుంది. “అత్తయ్యా! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికామండీ! మన ఇంట్లోనే ఉంది!”

“ఆగు వదినా.” మరిది చొక్కా చెయ్యి పైకి మడిచాడు. “డాక్టరుగారూ, నా రక్తం మళ్లీ తీయండి. ఇప్పుడే.”

“రికార్డులో ఉందిగా, ఇప్పుడే తొందరేముంది?”

ఆమె ఫోను పెట్టేసింది. గొంతు మారింది. “ఇవ్వడం ఇష్టం లేకపోతే తిన్నగా చెప్పు. నన్ను ఆశపెట్టి చంపకు.”

“కావాలంటే రెండు కిడ్నీలూ తీసుకోమను వదినా. ముందు సూది గుచ్చమను.”

నర్సు వచ్చింది. అతను కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గజగజా వణుకుతోంది.

“అప్పుడొకసారి ఇచ్చినవాడివేగా, మరి ఇప్పుడెందుకీ వణుకు?”

“ఆ రోజు నా పేరుతో రక్తం ఇచ్చింది అన్నయ్యే, వదినా.”