గోరంత మూత

సోఫా కింద సగం మనిషి ఉన్నాడు. మిగతా సగం హాల్లో ఉంది.

"ఏవండీ, కాఫీ ఏ చివర పెట్టమంటారు?" అని అడిగింది భార్య.

టార్చిలైటు వెలుగుతో పాటు లోపలి నుంచి ఓ మూలుగు వచ్చింది. "మూత పోయింది."

"ఏ గిన్నెది?"

"గిన్నెది కాదే. యుద్ధ ట్యాంకుది."

ఆయన కరెంటాఫీసులో హెడ్ క్లర్కు. తీరిక వేళల్లో ప్లాస్టిక్ ట్యాంకులు కడతాడు. అసలు ట్యాంకులో ముప్పయ్యయిదో వంతు ఉంటుంది. డబ్బాలో పదకొండు వందల ఇరవై నాలుగు ముక్కలొస్తాయి. సైన్యం అసలు ట్యాంకునే ఇంతకంటే త్వరగా కట్టుకుంటుందని భార్య అభిప్రాయం. చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాకే ఒక్కో వైపు తొంభై ఆరు లింకులు. అవి అతికించిన నెలలో వేళ్లకి జిగురు గట్టకట్టి, ఆఫీసులో వేలిముద్ర యంత్రం ఆయన్ని గుర్తుపట్టడం మానేసింది. వారం రోజులు సీట్లో కూర్చునే గైర్హాజరయ్యాడు. ఆఫీసు పనిలో ఎవరికీ తేడా కనబడలేదు.

అంతా సహించాడుగానీ ఈ మూత దగ్గర మాత్రం ప్రాణం ఉసూరుమంది. ట్యాంకు నెత్తిన, కమాండరు తల బయటపెట్టి చూసే కన్నానికి పెట్టే మూత అది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. అది లేకపోతే ఎంత ట్యాంకైనా మూకుడు లేని కుండే. ఏటా జరిగే బొమ్మ ట్యాంకుల పోటీకి ఆరు వారాలే ఉంది.

భార్య లెక్కల టీచరు. పుస్తకాల చివరి జవాబుల పేజీలు చించి, బీరువాలో పెట్టి తాళం వేశాకగానీ పిల్లలకి పుస్తకాలివ్వదు. ఆవిడ కంటపడకుండా ఆ ఇంట్లో ఏదీ పోదు. అందుకే నువ్వూ వెతకమని బతిమాలాడు. ఆవిడ చీపురుతో ఒకసారి, చేత్తో ఒకసారి ఇల్లంతా ఊడ్చింది. చెత్తబుట్ట పేపరు మీద బోర్లించింది. రెండేళ్ల కింద పోయిన చెవిదుద్దు దొరికింది, రిమోటు బ్యాటరీల మూత దొరికింది.

"అది వెతికితే దొరికేలా లేదండీ" అని తేల్చింది.

పోటీ అంటే ఆయనకి పళ్ల డాక్టరే. నాలుగేళ్లుగా మొదటి బహుమతి డాక్టరుది, ఓదార్పు బహుమతి ఈయనది. కిందటేడు జడ్జిగా వచ్చిన రిటైర్డు ఆర్మీ మెకానిక్కు ఈయన ట్యాంకుని అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బాలో ఉన్నది ఉన్నట్టు దించారు. ఇందులో మీదేముంది?" అన్నాడు. పక్కన సంచి పట్టుకు నిలబడ్డ భార్య ముఖం చిన్నబోయింది. ఇంటికొచ్చేదాకా ఏదో లెక్క చేస్తున్నట్టు వేళ్లు మడుస్తూ కూర్చుంది.

ముక్క పోతే రాసి పంపమని డబ్బాలో ఓ ఫారం ఉంది. నింపాడు. పోస్టాఫీసు స్కూలు పక్కనే కదా, నేను వేస్తానని భార్య తీసుకెళ్లింది. మూడు వారాలైనా కంపెనీ ఉలకలేదు, పలకలేదు. పొద్దునా సాయంత్రం కంపెనీని తిట్టాడు. చివరికి చేతులెత్తేశాడు.

"ఈ ఏడు పోటీ మానేస్తున్నా."

"మానేయండి. డాక్టరుగారికి ముందే ఓ ముక్క చెబితే, పాపం, ఆయనా శ్రమపడడు."

ఆయన ట్యాంకుని డబ్బాలో సర్దబోయాడు.

"గోరంత మూత. మీరు చేసుకోలేరా?" అంది.

"అది చేసేది కాదు. డబ్బాలో వచ్చేది."

"డబ్బాలోకి ఎవరు చేసి పెట్టారు మరి?"

ఆ ప్రశ్నకి కసెక్కి కత్తెర పట్టుకున్నాడు. విజిటింగ్ కార్డుతో చేసిన మొదటి మూత జిగురు తాగి అప్పడంలా వంగింది. టూత్‌పేస్టు ట్యూబుతో చేసింది ముడతలు పడింది. నాలుగోది తుమ్ముకి ఎగిరిపోయింది. అయిదోది అద్భుతంగా కుదిరాక చూస్తే, ఎడంపక్క ఉండాల్సిన కీలు కుడిపక్కనుంది. తొమ్మిదోది మాత్రల రేకు మూడు పొరలు కలిపి చేశాడు. గుండుసూది అరగదీసి కీలు పెట్టాడు. ట్వీజర్‌తో లేపితే తెరుచుకుంది. వదిలితే మూసుకుంది. డబ్బాలో వచ్చిన మూత ఊరికే అతికించేది, ఇది నిజం మూత. ఆ సాయంత్రం నూటపది సార్లు తెరిచి మూశాడు. లెక్క ఆవిడ పెట్టింది.

పోటీకి మళ్లీ ఆ మెకానిక్కే జడ్జి. ఆయన భూతద్దం పదకొండు వందల ఇరవై మూడు ముక్కల మీదుగా విసుగ్గా నడిచి, మూత దగ్గర ఆగింది. గోటితో తాకాడు. తెరుచుకుంది. మూసి, మళ్లీ తెరిచాడు. మిగతా జడ్జీలని పిలిచాడు. పళ్ల డాక్టరు కూడా వచ్చి, జేబులోంచి నోట్లో పెట్టే చిన్న అద్దం తీసి మూత కిందకి చూశాడు.

"ఏ కంపెనీదండీ ఇది?"

"మా ఇంటిది. మాత్రల రేకు, గుండుసూది. తొమ్మిదోసారికి కుదిరింది."

డాక్టరు అద్దం జేబులో పెట్టుకున్నాడు. మెకానిక్కు మాత్రం ఈయన భుజం తట్టి, "ఇదీ, ఇది మీది" అన్నాడు.

మొదటి బహుమతి కప్పు ట్యాంకుకి నాలుగింతలుంది. బస్సులో కప్పు ఆయన ఒళ్లో, ట్యాంకు ఆవిడ ఒళ్లో కూర్చుని ఇంటికొచ్చాయి. దిగేలోపు కండక్టరుతో సహా అందరూ మూత తెరిచి చూశారు.

వారం తిరక్కుండా కొత్త డబ్బా వచ్చింది. పదమూడు వందల ఎనభై ముక్కలు. ఆయన భోజనాల బల్ల మీద విప్పుతుంటే, కిందటిసారి లాగే ఆవిడ చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఇది లేకపోతే బండి కుదరదు అనే ముక్కలేవండీ ఇందులో?"

పెళ్లయిన ఇరవై రెండేళ్లకి భార్యకి ట్యాంకుల రుచి తెలిసిందని ఆయన మురిసిపోయాడు. ట్వీజర్‌తో ఒక్కొక్కటే చూపించి, పేరు పేరునా వివరించాడు.

ఈసారి రెండు దాచాలనుకుంది ఆవిడ.