శిఖరం మీది పుస్తకం

"మళ్ళీ ఒక్కడివే కొండెక్కావని తెలిసిందో, ఈ గడప తొక్కనివ్వను," అంది భార్య లదీనా.

"కొండా లేదు, గిండా లేదు. అన్నయ్యకి గడ్డికోతలో సాయం," అంటూ కారులో కొడవళ్ళ కింద మంచుగొడ్డలి దాచేశాడు ఫ్లూరిన్.

మధ్యాహ్నానికి శిఖరం చేరాడు. ఎక్కుతున్నంతసేపూ కింది లోయకంటే ఊరే ఎక్కువ భయపెట్టింది.

అక్కడ నాటిన శిలువ కింద రేకుడబ్బాలో, పైకి ఎక్కినవాళ్ళు పేర్లు రాసే పుస్తకం ఉంది. అందులో పేరు రాయకుండా దిగితే కొండను అవమానించినట్టే. రాస్తే ఊళ్ళో ఎవడో చదివి ఆమె చెవిన వేస్తాడు.

పెన్ను పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి పుస్తకం తెరిచాడు.

పోయిన ఆదివారం తేదీ కింద తెలిసిన చేతిరాత కనిపించింది.

"ఒక్కదాన్నే వచ్చాను. ఇది చదివినవాళ్ళు మా ఫ్లూరిన్‌కి చెప్పకండి. నేను చర్చిలో పాడుతున్నాననుకుంటున్నాడు, పాపం. - లదీనా."