రంగు డబ్బాల మూల

“అటు మాత్రం వెళ్ళకండి మేడమ్, జారిపడతారు!” ఇంజినీరు గట్టిగా అరిచాడు.

ఓడ అడుగున, ఇంజన్ గదిలో, తనిఖీ అధికారిణి టార్చిలైటు అటు తిప్పింది. మూలన రంగు డబ్బాలు పేర్చి ఉన్నాయి. అంతే.

“అక్కడేముంది?”

“ఏమీ లేదు. మీరు ఇటు రండి.”

ఈ ఓడ వచ్చి వెళ్ళిన ప్రతిసారీ తీరానికి నల్లటి జిడ్డు కొట్టుకొస్తోంది. ఇంజన్ గదిలో చేరే మురికినీటిలోంచి నూనె వేరుచేశాకే సముద్రంలోకి వదలాలి. దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న నియమం అది. నూనె వేరుచేసే యంత్రం ఇక్కడ తళతళలాడుతోంది, మీట నొక్కితే చక్కగా నడుస్తోంది కూడా. పోయినసారీ ఇంతే. ఈసారి కూడా ఏమీ దొరక్కపోతే ఇక ఈ ఓడ జోలికి వెళ్ళొద్దని పై అధికారి తేల్చి చెప్పాడు. సాయంత్రానికి ఓడ బయల్దేరుతుంది.

“చూశారుగా, అంతా సవ్యంగా ఉంది. పైకెళ్ళి చల్లగా ఏమైనా తాగుదాం రండి,” అన్నాడు యజమాని పంపిన మేనేజరు. పొద్దున్నుంచీ అతను ఆ ఇద్దరినీ నీడలా అంటిపెట్టుకునే ఉన్నాడు.

ఆమె నిట్టూర్చి మెట్లవైపు తిరిగింది.

“హమ్మయ్య! ఆ మూలన ఎలుకలు కూడా ఉన్నాయి మేడమ్,” అన్నాడు ఇంజినీరు.

మేనేజరు ఉరిమి చూశాడు. “నిన్నెవరడిగారయ్యా? కాసేపు నోరు మూసుకోలేవా?”

“అది కాదు సార్, మేడమ్ బట్టలకు రంగు అంటుకుంటుందేమోనని...”

“జారుడా, ఎలుకలా, రంగా? ఏదో ఒకటి చెప్పండి,” అందామె. నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే అనుమానమూ వచ్చింది.

వెనక్కి వచ్చి డబ్బాలు పక్కకు జరిపింది. వాటి చాటున ఒక గొట్టం. ఒక కొస మురికినీటి తొట్టిలో ఉంది. రెండోది యంత్రాన్ని తాకకుండా నేరుగా సముద్రంలోకి పోతోంది. బిగింపు దగ్గర వేలు పెడితే నల్లగా అంటింది.

“ఈ ఓడ కదలడానికి వీల్లేదు.”

మేనేజరు ముఖం పాలిపోయింది. “నీ నోరే మనల్ని ముంచింది కదరా, దద్దమ్మా!” అని ఇంజినీరును తిట్టి, యజమానికి ఫోన్ చేయడానికి మెట్లెక్కి పరుగెత్తాడు.

ఇంజినీరు తలొంచుకుని నిలబడ్డాడు. ఆమెకు జాలేసింది.

“అన్నిసార్లు వద్దు వద్దనకపోతే నేను వెళ్ళిపోయేదాన్నే కదండీ,” అంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు పూర్తిగా ఆగేదాకా అతను నోరు విప్పలేదు.

“అందుకేగా అన్నాను, మేడమ్.”