పద్నాలుగో సీటు

"ఎన్నిసార్లు చెప్పను తమ్ముడూ? పద్నాలుగు ఖాళీగానే ఉంది. కానీ పదమూడులో ఆడమనిషి ఒంటరిగా వెళ్తోంది. ఆమె పక్కన మగాణ్ణి కూర్చోబెట్టకూడదు," అన్నాడు జుల్కుఫ్, అద్దం వెనక నుంచి.

ఎర్జురూమ్ బస్టాండులో ఇరవై రెండేళ్ళుగా టికెట్లు కొడుతున్న మనిషి. ఈ మాట రోజుకి పదిసార్లు అంటాడు. విన్నవాళ్ళు సణుక్కుంటూ పోతారు. బహ్రి మాత్రం పోలేదు. రెండు చేతులతో కౌంటరు పట్టుకుని వేలాడుతున్నాడు. బయట ఎముకలు కొరికే చలి, ఇతని నుదుటి మీదేమో చెమట.

"అన్నా, రేపు పొద్దున తొమ్మిదింటికి నేను ఇజ్మీర్ కోర్టులో ఉండాలి. లేకపోతే నా బతుకు బుగ్గయినట్టే."

"అంత ముఖ్యమైతే విమానంలో పోకపోయావా?"

"టికెట్ కొన్నాను. తెల్లారుఝాము నుంచీ అక్కడే పడిగాపులు కాశాను. పొగమంచుకి అన్నీ రద్దు చేసేశారు."

"రైలు?"

"అంకారాలో దిగేసరికే రేపు తెల్లారిపోతుంది."

"సివాస్ పోయి బస్సు మారు."

"అదీ అడిగాను, అందదు. కారు మాట్లాడదామంటే ఈ మంచులో కొండదారికి ఎవడూ రానన్నాడు. ఇక మిగిలింది నీ పన్నెండింటి బస్సే. ఎనిమిదికి దించుతుంది. అక్కణ్ణుంచి పరిగెత్తయినా కోర్టులో పడతాను."

జుల్కుఫ్ గోడ గడియారం చూశాడు. ఇరవై నిమిషాలే ఉంది.

"ఇంతకీ ఏం కేసయ్యా?"

"విడాకులు." బహ్రి గొంతు తగ్గించాడు. "అవి పోతే పోనీ అన్నా. పాప ఎవరి దగ్గర ఉండాలో కూడా రేపే తేలుస్తారు. ఎనిమిదేళ్ళది. జడ్జి దాన్నే పిలిచి అడుగుతాడట. వస్తానని ఫోన్లో మాటిచ్చాను. తీరా నేను కనబడకపోతే, నాన్నకి నేను అక్కర్లేదనుకుంటుంది కదా!"

ఫోను తీసి ఫొటో చూపించాడు. ముందు పళ్ళు రెండూ ఊడిన పిల్ల, ఊలు టోపీలో నవ్వుతోంది. చూపిస్తూ చూపిస్తూనే భోరుమన్నాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే జుల్కుఫ్‌కి ఎటు చూడాలో తోచలేదు.

"ఊరుకో, ఊరుకో. వాయిదా అడగమని మీ ఆవిడకి చెప్పలేకపోయావా?"

"మేం మాట్లాడుకుని ఏడాదయింది. మొన్న ఊళ్ళోకి వచ్చి, నేను ఇంట్లో లేకుండా చూసి పాప సామానంతా సర్దుకుపోయింది."

"అమ్మో, గట్టి మనిషే! సరే, వేరే దారి చూద్దామంటే, బస్సులో మిగతా ఆడవాళ్ళంతా కుటుంబాలతో ఉన్నారు. ఎవడి పెళ్ళాన్ని లేపి ఆ పదమూడు పక్కకి మార్చమంటావు? ఆ పదమూడు నంబరావిడ్నే బతిమాలదాం. అదిగో, చలి కాచుకునే పొయ్యి దగ్గర, బూడిదరంగు కోటు."

బహ్రి తల తిప్పి చూశాడు. మొహంలో నెత్తురు లేకుండా పోయింది.

"వద్దన్నా. ఆవిడ్ని అడగొద్దు."

"ఇంత దాకా వచ్చి ఇంకా మొహమాటమా?"

"నా మొహం చూస్తే అస్సలు ఒప్పుకోదు. కింద సామాను పెట్టేచోట దూరతాను, నీకు దండం పెడతాను!"

"ఇజ్మీర్లో నిన్ను సూట్‌కేసులతో పాటు బిగుసుకుపోయిన కట్టెలా దించుతారు. నోరు మూసుకుని ఇక్కడే ఉండు."

జుల్కుఫ్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఆమె పంటి కింద చక్కెర బిళ్ళ పెట్టుకుని టీ తాగుతోంది. కాళ్ళ దగ్గర పెద్ద మూట. ముప్పై దాటి ఉండవు గానీ కళ్ళ కింద నల్లగా ఉంది.

"చెల్లెమ్మా, ఒక్క మాట. మీ పక్క సీటులో..."

ఆమె కౌంటరు వైపు చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది.

"కుదరదు. అతని పక్కన ఇరవై గంటలా? నా వల్ల కాదు."

"పాపం, బుద్ధిమంతుడిలాగే ఉన్నాడమ్మా. రేపు కోర్టుకి అందకపోతే పిల్ల దక్కదట. ఆ పెళ్ళానికేం, మహాతల్లి! తాపీగా కోర్టు మెట్లెక్కుతుంది. ఎదుటి మనిషి లేకపోతే ఆమె ఆడిందే ఆట. పిల్ల ఫొటో చూపించి ఇప్పుడే నా ముందు వెక్కివెక్కి ఏడ్చాడు."

"ఏడ్చాడా?"

"నా కళ్ళతో చూశాను. నాన్న రాలేదని పాప బెంగపెట్టుకుంటుందని ఒకటే గోల."

టీ గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ తాగలేదు.

"పెట్టుకుంటుంది," అంది మెల్లగా.

బయట బస్సు హారన్ కొట్టింది. ఆమె చటుక్కున లేచి, మూట చంకన పెట్టుకుని కౌంటరు దగ్గరికి నడిచింది. జుల్కుఫ్ వెనకే వచ్చి అద్దం అవతల తన కుర్చీలో కూర్చున్నాడు. బహ్రి తల ఎత్తలేదు.

"పద్నాలుగు ఈయనకి ఇవ్వండి."

"మీ మంచి మనసుకి దండం తల్లీ! కానీ పరాయివాడికి ఇవ్వాలంటే ఈ యంత్రం ఒప్పుకోదు. సొంత మనిషై ఉండాలి. అన్న అని కొట్టనా?"

"భర్త అని కొట్టండి."

జుల్కుఫ్ అద్దం దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు.

"అమ్మా, పుణ్యానికి పోయి మరీ ఇంత అబద్ధమా? దారిలో పోలీసులు కార్డులు చూస్తారు. ఇంటిపేర్లు కలవకపోతే ముందు ఊడేది నా ఉద్యోగం!"

ఆమె సంచిలోంచి తన గుర్తింపు కార్డు తీసి, బహ్రి కార్డు పక్కన పెట్టింది.

"అబద్ధం కాదన్నా, రేపు తొమ్మిదింటి దాకా ఈయన నా మొగుడే."