సొన కాదు

"మామిడి సొన తగిలి మంచమెక్కిన మహారాణివి నువ్వొక్కదానివే! తోటలో మిగతావాళ్ళవి ఇనప చేతులనుకున్నావా?" అన్నాడు పెద్దిరాజు.

భార్య దుర్గ మూలుగుతూ గోడ వైపు తిరిగింది.

"మాటలు కూడా కరువయ్యాయా దొరసానికి? ఏదీ, నోరు తెరు."

తెరిచింది. నాలుక మీద, బుగ్గల లోపల అన్నీ పొక్కులే. ఎర్రబడ్డ కళ్ళు పుసికట్టి ఉన్నాయి. లేపబోతే భుజం మీద చర్మం అతని వేళ్ళకి అంటుకుని ఊడొచ్చింది.

"సొన నోట్లోకెలా పోయిందే?"

"అంత జొరంలో తోటకెక్కడెళ్ళాను మావా?" అంది ముద్దగా. "నోట్లో వేసుకుంది నువ్వు తెచ్చిన సల్ఫా బిళ్ళలే."

డాక్టరెందుకు దండగని ఆమె జొరానికి అతనే మందుల కొట్లో కొనుక్కొచ్చిన బిళ్ళలు. అవి పడని ఒంటికి నోరు పొక్కి, చర్మం ఇలాగే ఊడొస్తుంది.

పెద్దిరాజు బండి కట్టాడు. నూజివీడు ఆసుపత్రి దాకా ఎగతాళి చెయ్యడానికి అతనికి ఒక్క మనిషే దొరికాడు. ఆ మనిషే బండి తోలుతున్నాడు.