ఓల్గా కోసం వచ్చినవాడు

ఉత్తరాల పెట్టె చూసుకోడానికి కిందికి దిగిన గ్వెన్‌కి అద్దాల తలుపు అవతల ఒక మనిషి కనిపించాడు.

యాభై ఏళ్ళుంటాయి. ముందుపళ్ళు రెండు లేవు. కోటు మోచేతి దగ్గర చిరిగితే వెండిరంగు టేపు అంటించుకున్నాడు.

విన్నిపెగ్‌లో జనవరి. బయట మైనస్ ముప్ఫై. అతని కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది.

అద్దం మీద వేలితో తట్టాడు.

"అమ్మా, ఒక్క నిమిషం తలుపు తీస్తారా?"

ఆ అపార్ట్‌మెంట్ కమిటీకి గ్వెనే పెద్ద. తెలియనివాళ్ళకి తలుపు తీయవద్దన్న కాగితం అక్కడ అంటించింది ఆవిడే. నవంబరులో ఎవడో పార్సెల్ ఇవ్వడానికొచ్చినట్టు వచ్చి రెండిళ్ళు ఊడ్చుకుపోయాడు.

"ఎవరు కావాలి?" అంది ఇవతలి నుంచే.

"మూడు వందల నాలుగులో ఓల్గా గారు. ఫోన్ ఎత్తటం లేదు. ఇందాకటి నుంచి బెల్లు కొడుతున్నా పలకటం లేదు."

"నువ్వు ఆవిడకి ఏమవుతావు?"

అతను నీళ్ళు నమిలాడు.

"తెలిసినవాణ్ణి."

"అంటే?"

"తెలిసినవాణ్ణేనమ్మా."

గ్వెన్ లోలోపల నవ్వుకుంది. ఇలాంటి తెలిసినవాళ్ళని ఆవిడ చాలామందినే చూసింది.

"నన్ను రానివ్వొద్దులెండి. మీరే ఒక్కసారి పైకెళ్ళి తలుపు తట్టి చూడండి. పడిపోయిందేమోనని భయంగా ఉంది."

"నేనలా వెళ్ళగానే ఇంకెవరైనా తలుపు తీస్తే దూరిపోదామనా?"

"కాదమ్మా. కావాలంటే రోడ్డు మీద నిలబడతాను."

నిజంగానే వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు. చేతులు చంకల్లో దూర్చుకుని, మూడో అంతస్తు కిటికీ వైపే చూస్తూ.

పది నిమిషాలైనా కదల్లేదు.

పోలీసులకి ఫోన్ చేస్తే వాళ్ళొచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. గ్వెన్‌కి అంతకంటే మంచి ఉపాయం తట్టింది. చెయ్యూపి అతన్ని దగ్గరికి రమ్మంది.

"ఓల్గా ఊళ్ళో లేదయ్యా. బ్రాండన్ వెళ్ళింది, కూతురి దగ్గరికి."

అతని ముఖం ఒక్కసారిగా తేటపడింది.

"ఐరీన్ దగ్గరికా?"

కూతురి పేరు కూడా కనుక్కుని వచ్చాడు, ఎంత ముదురో అనుకుంది గ్వెన్.

"ఆ. వారం దాకా రాదు."

"హమ్మయ్య. నాతో ఒక్క మాటైనా అనలేదు చూడండి. పోన్లెండి, మనవల దగ్గర నాలుగు రోజులుంటే ఆవిడకీ బాగుంటుంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి."

టోపీ చెవుల మీదికి లాక్కుని బస్టాపు వైపు నడిచాడు. నడకలో తేలిక కనిపిస్తూనే ఉంది.

బట్టలుతికే గదిలో పక్కింటి ఆర్డిత్‌కి గ్వెన్ ఇదంతా చెప్పింది.

"నీ బుర్రే బుర్ర," అంది ఆర్డిత్. "నేనైతే జాలిపడి తలుపు తీసి ఉందును."

"అందుకే నిన్ను కమిటీలో పెట్టుకోలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

బట్టలబుట్టతో పైకి వెళ్తూ గ్వెన్ మూడు వందల నాలుగు ముందు ఆగింది. లోపల రేడియో మోగుతోంది. మనిషి ఉందన్నమాట. తట్టడానికి చెయ్యెత్తి, మానేసింది. తలుపు తీసిందంటే ఓల్గా ఒక పట్టాన వదలదు. టీ తాగి వెళ్ళమంటుంది.

అది మంగళవారం.

శుక్రవారం సాయంత్రం బ్రాండన్ నుంచి ఐరీన్ అపార్ట్‌మెంట్ మేనేజరుకి ఫోన్ చేసింది. రెండు రోజులుగా అమ్మ ఫోన్ ఎత్తటం లేదంది.

మేనేజరు తాళం తీశాడు. వెనకే గ్వెన్ వెళ్ళింది.

ఓల్గా స్నానాలగది నేల మీద పడి ఉంది. చేతికి అందిన తువ్వాళ్ళన్నీ లాగి మీద కప్పుకుంది. వేలి కణుపులు కమిలి నల్లబడ్డాయి. గోడ మీద చాలాసేపు తట్టినట్టుంది. రేడియో ఇంకా మోగుతూనే ఉంది.

"నిన్నటి దాకా ప్రాణం ఉండే ఉంటుంది," అన్నాడు అంబులెన్సుతో వచ్చినతను. "ఎవరూ రాలేదా?"

మేనేజరు గ్వెన్ వైపు చూశాడు.

"ఎవరూ రాలేదు," అంది గ్వెన్.

ఓల్గాని సమాధి చేశాక అందరూ చర్చి కింది హాల్లో భోజనాలకి కూర్చున్నారు. ఆర్డిత్ వేరే బల్ల దగ్గర కూర్చుంది. వారం నుంచి ఆవిడ గ్వెన్‌తో మాట్లాడటం లేదు.

గ్వెన్ కాఫీ పోసుకుంటుంటే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. టేపు అంటించిన కోటు.

"అమ్మా, ఆవిడ ఎప్పుడు తిరిగొచ్చింది?"

గ్వెన్‌కి అర్థం కాలేదు.

"బ్రాండన్ నుంచి. వారం పడుతుందన్నారుగా మీరు."

నాలుగడుగుల అవతల ఐరీన్ ఎవరితోనో మాట్లాడుతోంది. గ్వెన్ గొంతు తగ్గించింది.

"ముందే వచ్చేసింది. బుధవారం."



"బుధవారం ఒక్కసారి ఫోన్ చేసి చూడాల్సింది. నాదే తప్పు."

చేతిలో ఉన్న పళ్ళెంలోని పెరోగీ కుడుములు ముట్టకుండా బల్ల మీద పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఐరీన్ దగ్గరికొచ్చింది.

"రస్ మీతో ఏమన్నాడు?"

"ఏం లేదు. ఎవరతను? మీ చుట్టమా?"

"కాదు. ఆరేళ్ళుగా రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి, లేచావా అమ్మా అని అడిగేవాడు. ఒక్క రోజు తప్పలేదు. ఆ వారమే ఎందుకు మానేశాడో నాకు అంతుబట్టటం లేదు."

"మరి ఎలా పరిచయం?"

ఐరీన్ మెట్ల వైపు చూసింది.

"తొమ్మిదేళ్ళ కిందట బస్టాపులో అమ్మ చేతిసంచి లాక్కుని, ఆవిణ్ణి నెట్టేసి తుంటి విరగ్గొట్టి, జైలుకెళ్ళింది అతనే."